నాపరాళ్ల గుట్ట మీద పసుపు పువ్వు: అరుదైనదా, కాదా?

అమ్మా, మీ ప్రశ్న రాత్రి చదివి, పొద్దున లేచి మళ్లీ చదివాను. ముందు నాకు అర్థమైంది చెబుతాను. కార్తీకమాసంలో బడిపిల్లల్ని వెంటబెట్టుకుని బేతంచెర్ల అవతల ఒక నాపరాళ్ల గుట్ట ఎక్కారు. పైన చదునైన బండల సందుల్లో జానెడు ఎత్తు మొక్కలు, వాటికి చామంతిలాంటి పసుపు పూలు కనిపించాయి. ఫోన్‌లో యాప్ తెరిస్తే అది ‘లేక్‌సైడ్ డైసీ’ అంది, లోకంలో చాలా కొద్దిచోట్లే మిగిలిన మొక్క అని కూడా చూపించింది. అక్కడే బండల మీద క్వారీవాళ్లు వేసిన సున్నం గుర్తులు చూసి మీకు భయమేసింది. అందుకే అడుగుతున్నారు: యాప్ చెప్పింది నిజమా, ఆ మొక్క నిజంగా అరుదైనదా, నాలుగు మొక్కలు పెరికి తెచ్చి బడితోటలో పెంచితే బతికించినట్టవుతుందా అని.

నేను కర్నూల్లో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల గుట్టలు తిరిగాను. మీ మూడో ప్రశ్నకే ముందు జవాబు చెబుతున్నాను, ఎందుకంటే అది ఆగేది కాదు: పెరకకండి. ఒక్కటి కూడా వద్దు. ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది.

ఇక యాప్ సంగతి. అది లేక్‌సైడ్ డైసీ కాదు. మీరు పెట్టిన రెండో ఫోటోలో కాండం పొడవునా ఆకులున్నాయి, ఆకు మొదలు కాండాన్ని కొంచెం పొదువుకుని ఉంది. లేక్‌సైడ్ డైసీకి ఆకులన్నీ నేలకు అంటుకుని ఒక కుదురుగా ఉంటాయి. వాటి మధ్య నుంచి ఆకు లేని కాడ ఒకటి లేచి, దాని కొసన ఒకే ఒక్క పువ్వు పూస్తుంది. ఈ ఒక్క తేడాతోనే లెక్క తేలిపోయింది. పైగా అది ఉత్తర అమెరికా మహాసరస్సుల ఒడ్డున, మంచు కురిసే చోట, మే నెలలో పూసే మొక్క. మన బేతంచెర్ల ఎండకూ దానికీ పొత్తు కుదరదు. యాప్‌కు ఎక్కువగా చూపించిన ఫోటోలు ఆ దేశాలవే. పసుపు పువ్వు, సున్నపురాయి బండ అనేసరికి తనకు తెలిసిన పేరు చెప్పేసింది.

అలాగని యాప్‌ను తీసిపారేయను. తెలియకుండానే అది మీకు మంచి పోలిక చూపించింది. ఆ మొక్కకు జరిగిన కథ మీ గుట్టకు ఎంత దగ్గరో చెబుతాను, వినండి.

లేక్‌సైడ్ డైసీ శాస్త్రీయనామం టెట్రాన్యూరిస్ హెర్బేసియా. ఒకప్పుడు హైమెనాక్సిస్ ప్రజాతిలో ఉండేది. అమెరికాలో దాని పెద్ద నివాసం ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డునున్న మార్బుల్‌హెడ్ ద్వీపకల్పం. కెనడా వైపు బ్రూస్ ద్వీపకల్పం, మానిటూలిన్ దీవి. అన్నీ సున్నపురాయి నేలలే. బండ మీద వేలెడు మందం కూడా మట్టి ఉండదు. వానొస్తే నీళ్లు నిలుస్తాయి, వారంలో ఎండి పెళపెళలాడతాయి. గడ్డి కూడా సరిగా పట్టని ఆ బండల మీద మే నెలలో పసుపు పరిచినట్టు పూస్తుంది. ఆ మార్బుల్‌హెడ్‌లో ఉన్నది పెద్ద సున్నపురాయి క్వారీ. రాయి తీసేకొద్దీ పువ్వు నేల తరిగిపోయింది. 1988లో అమెరికా ప్రభుత్వం దాన్ని ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది. అదే ఏడాది ఒహాయోలో 19 ఎకరాలు దానికోసమే రక్షితప్రాంతంగా కేటాయించారు. 19 ఎకరాలంటే మన వైపు ఒక మోస్తరు రైతు చేను. ఒక జాతి బతుకు అంత చిన్న నేల మీద ఆధారపడగలదు.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. క్వారీ తవ్వడం ఆపేసి వదిలేసిన చోట్ల, రాతి నేల మీద ఆ మొక్కే మళ్లీ మొలిచింది. దానికి కావలసింది ఎండ, పలచటి మట్టి, పక్కన పోటీ లేకపోవడం. చెట్టు నీడ పడితే బతకదు. అంటే దాని శత్రువు ఒక్క క్వారీయే కాదు; మనం ముద్దుగా పెంచే నీడ కూడా శత్రువే. ఈ మాట గుర్తుంచుకోండి, మీ గుట్ట దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇలినాయ్ రాష్ట్రంలో జరిగింది. అక్కడ కూడా ఆ డైసీ కొద్దిగా మిగిలి ఉండేది. ఏటా పూసేది, తేనెటీగలు వాలేవి. కానీ 15 ఏళ్లకు పైగా ఒక్క గింజ పట్టలేదు. మార్సెలా డెమౌరో అనే పరిశోధకురాలు చేతితో పరాగసంపర్కం చేసి చూసి, కారణాన్ని 1993లో ప్రచురించారు. ఈ మొక్కలో సొంత పుప్పొడి పనికిరాదు. మన పెళ్లిళ్లలో సగోత్రం కుదరనట్టే, ఒకే రకం గుర్తున్న రెండు మొక్కల మధ్య కూడా గింజ పట్టదు. ఇలినాయ్‌లో మిగిలినవన్నీ ఒకే గోత్రానివయ్యాయి. ఒహాయో మొక్కల పుప్పొడి అంటించగానే గింజ పట్టింది. పువ్వు పూస్తూనే ఉంది, చూసేవాళ్లకు పచ్చగానే కనిపిస్తుంది, వంశం మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

ఇప్పుడు మీ బడితోట గురించి ఆలోచించండి. గుట్ట మీద నలభై మొక్కలున్నాయని మీరు రాశారు. అందులో నాలుగు తెస్తే, అవి నాలుగూ ఒకే గోత్రమైతే తోటలో పూలుంటాయి గానీ గింజలుండవు. గుట్ట మీద మిగిలినవాటికి సంబంధాలు వెతుక్కునే వీలు ఇంకా తగ్గిపోతుంది. లేక్‌సైడ్ డైసీ, మీ మొక్క రెండూ చేరే ఆస్టరేసి, అంటే చామంతి కుటుంబంలో ఈ సగోత్ర నియమం పాటించే మొక్కలు చాలా ఉన్నాయి. పొద్దుతిరుగుడు అడవి రకాలదీ ఇదే తీరు. మన చేలల్లో వేసే పొద్దుతిరుగుడును ఏళ్లకేళ్లు ఎంపిక చేసి ఆ నియమం చాలావరకు వదిలించారు. కాబట్టి మీది ఏ జాతి అని తేలకముందే, సంఖ్య తగ్గించడం తప్పని చెప్పగలను.

సరే, మరి మీది ఏ మొక్క? ముందుగా మన చుట్టూ ఉన్న చామంతి చుట్టాలను పక్కకు పెడదాం. ఈ కుటుంబంలో లోకం మొత్తం మీద పాతిక వేలకు తక్కువ కాకుండా జాతులున్నాయి. మన చేలగట్ల మీద కనిపించేవాటిలో సగం బయటి నుంచి వచ్చినవే. పిల్లలు పలక తుడిచే గడ్డిచామంతి ఉష్ణమండల అమెరికాది. వయ్యారిభామ 1950ల్లో పూణె దగ్గర కనిపించి, ఇప్పుడు మన ఊరి పెంటదిబ్బ దాకా వచ్చేసింది. మనవైనవీ తక్కువేమీ కాదు: వరి కోసిన చేలల్లో బోడసరం, ఊదారంగు చిన్న పూల సహదేవి, గుండ్రని ముళ్లబంతిలా ఉండే బ్రహ్మదండి. వినాయకచవితి నాడు ఇరవై ఒక్క పత్రుల్లో మొదట చదివే మాచీపత్రం ఈ ఇంటిదే. నల్లరేగడిలో వేసే కుసుమ కూడా. మీ మొక్క వీటిలో ఏదీ కాదు, ఫోటో చూస్తూనే చెప్పొచ్చు.

మీరు ‘పువ్వు’ అంటున్నది ఒక్క పువ్వు కాదని పిల్లలకు ఇప్పటికే చెప్పి ఉంటారు. అది ఒక ఊరు. చుట్టూ రేకుల్లా కనిపించేవి కిరణ పుష్పకాలు, మధ్యలో గుత్తిగా ఉన్నవి చక్ర పుష్పకాలు. ఒక్కొక్కటీ విడి పువ్వు, ఒక్కొక్కటికీ ఒక గింజ. ఆ గింజ నెత్తిన ఉండే వెంట్రుకల కుచ్చును కేశగుచ్ఛం అంటాం. ఈ కుటుంబంలో పేరు తేల్చేది చాలాసార్లు రంగు కాదు, ఆ కుచ్చే. డిగ్రీ చదివే రోజుల్లో నేను అనంతపురం గుట్టల నుంచి ఒక పసుపు పువ్వు తెచ్చి, కొత్త జాతి దొరికిందని మా మాస్టారి ముందు పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. బ్లేడుతో పువ్వును నిలువుగా కోసి, ఒక గింజ తీసి భూతద్దం కింద పెట్టి, ‘చూడు’ అన్నారు. ఆ రోజు నుంచి పై రంగును నమ్మడం మానేశాను.

మీ ఫోటోలో పొదువుకున్న ఆకు, నూగు కాండం, సన్నటి పసుపు రేకులు చూస్తే నా దృష్టి రెండు మొక్కల మీదికి పోతోంది. ఒకటి వికోవా ఇండికా. ఆఫ్రికా నుంచి ఆసియా తూర్పు దాకా విస్తరించిన మొక్క; దొరికితే సంతోషమే గానీ దాని కోసం కంగారు పడక్కర్లేదు. రెండోది పులికేరియా వైటియానా. ఇది దక్షిణ భారత ద్వీపకల్పానికే పరిమితం. 19వ శతాబ్దం తొలిసగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టరుగా పనిచేస్తూ మొక్కలు సేకరించిన రాబర్ట్ వైట్ పేరే దానికి పెట్టారు. పైకి ఈ రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. తేడా గింజ మీద ఉంది. పులికేరియాకు రెండు వరుసల కేశగుచ్ఛం: లోపల పొడవైన వెంట్రుకలు, బయట వాటి మొదళ్లను చుట్టి పొలుసులతో అల్లిన బుల్లి గిన్నె. వికోవాకు ఆ గిన్నె ఉండదు. పది రెట్ల భూతద్దం చాలు. అది లేకపోతే ఫోన్ కెమెరా మీద గాజు గోళీ పెట్టి అయినా పట్టుకోవచ్చు, నా మనవరాలు అలాగే చేస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: అరుదైనదా? ఈ మాటను మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. నేను ఎప్పుడూ చూడలేదు కాబట్టి అరుదు అంటాం. 1981లో డెబోరా రాబినోవిట్జ్ అనే వృక్షశాస్త్రవేత్త దీనికి మూడు ప్రశ్నలు వేసుకోమన్నారు. ఈ మొక్క ఎంత విశాలమైన ప్రాంతంలో ఉంది? ఎన్ని రకాల నేలల్లో బతుకుతుంది? ఉన్న చోట ఎన్ని ఉన్నాయి? ఒక్కో ప్రశ్నకు రెండేసి జవాబులు, కలిపితే ఎనిమిది గడులు. మూడింటికీ ‘ఎక్కువ’ అని జవాబొచ్చేది ఒక్క గడిలోనే. అక్కడ గడ్డిచామంతి కూర్చుంటుంది. మిగతా ఏడూ ఏడు రకాల అరుదైనతనాలు. ఎర్రచందనం చూడండి. శేషాచలం, లంకమల, వెలిగొండల చుట్టూ తప్ప అడవిలో సహజంగా ఇంకెక్కడా పెద్దగా లేదు, కానీ ఉన్న కొండ మీద గుంపుగా ఉంటుంది. కడప, తిరుమల కొండల పెరిత (ఒక రకం సైకస్ మొక్క) కూడా చిన్న ప్రాంతానికే పరిమితం. లంకమల కోనలో కొన్ని పెద్ద బండల మీద ఇరవై మొక్కలు చూసి ‘ఇక్కడ బాగానే ఉంది కదా’ అనేవాళ్లకు, ఆ ఇరవై తప్ప లోకంలో ఇంకెన్ని ఉన్నాయన్న ప్రశ్న తట్టదు. మరోవైపు, ఎక్కడ చూసినా రెండేసి మొక్కలే ఉంటూ దేశమంతా ఉన్నవీ ఉంటాయి.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) వాళ్లు ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో లెక్క కట్టేటప్పుడు విస్తీర్ణాన్ని అంకెల్లో చూస్తారు. మొక్క దొరికిన చోట్లన్నీ కలుపుతూ గీత గీస్తే లోపల పడే ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్లకు తగ్గితే హెచ్చరిక, 5,000కు తగ్గితే ఇంకా పెద్ద హెచ్చరిక, 100కు తగ్గితే అతి ప్రమాదం. దానికి తోడు నేల చీలిపోవడం, తరిగిపోవడం వంటి కారణాలూ కనబడాలి. ఆ గీత గీయాలంటే చుక్కలు కావాలి. చుక్కలు ఎవరు పెడతారు? మన గుట్టలు ఎక్కినవాళ్లే పెట్టాలి. కలివికోడిని చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో మళ్లీ దొరికింది. దొరకబట్టే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. పిట్ట కాబట్టి కళ్లకు కనబడింది, రాత్రి అరుపు వినబడింది. దాని కాళ్ల కింద ఉన్న జానెడు మొక్కకు ఆ అదృష్టం ఉండదు. మీలాంటివాళ్లు ఆగి వంగి చూస్తేనే ఉంటుంది.

నాపరాళ్ల నేల మీద ఎందుకంత పట్టుదల అంటే నా అనుభవం చెప్పాలి. ఎక్కడ మట్టి సారవంతమో అక్కడ బలవంతులదే రాజ్యం. గడ్డి, సర్కారు తుమ్మ, లంటానా. ఇరుకైన ప్రాంతానికే పరిమితమైన మొక్కలు ఎక్కువగా వీళ్లతో పోట్లాడలేనివి. అవి ఎవరికీ పట్టని చోటుకు జరిగిపోతాయి: బండ పగుళ్లు, సున్నం ఎక్కువున్న మట్టి, ఎండాకాలం చెయ్యి ఆనించలేని రాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల నేలల కింద అంతా సున్నపురాయే. మన ఇళ్లలో పరిచిన బండలు, సిమెంటు, బెలుం గుహలు, అన్నీ ఆ రాయి వరాలే. రెవెన్యూ అడంగల్‌లో మాత్రం అలాంటి చోటు రాతి పోరంబోకు. పోరంబోకు అంటే పనికిరానిదని మన చెవికి అలవాటైపోయింది.

ఇరవై ఏళ్ల కింద ఆ వైపే ఒక చిన్న గుట్ట ఉండేది. నేను ఏటా రెండుసార్లు ఎక్కేవాణ్ణి. చలికాలం మొదట్లో బండల మీద ఏమేమి పూస్తాయో వరుసగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒంట్లో బాగాలేక రెండేళ్లు వెళ్లలేదు. మూడో ఏడు వెళ్తే గుట్ట లేదు, ఆ చోట నీళ్లు నిండిన గొయ్యి ఉంది. తవ్వి పారేసిన రాళ్లు, మట్టి పక్కన చదును మీద కుప్పపోశారు, దాంతో తవ్వని బండ కూడా కప్పేసినట్టయింది. నా నోట్‌బుక్ నా అల్మరాలోనే ఉంది. మొక్కను ఎండబెట్టి అంటించిన షీటు ఒక్కటి కూడా, అలాంటివి దాచే ఏ హెర్బేరియానికీ ఇవ్వలేదు, ఒక్క ఫోటో ఎవరికీ చూపలేదు. అప్పుడు నా దగ్గరున్న ఆధారంతో ఎవరైనా ఏదైనా చేసేవారో లేదో, నేను మాత్రం అవకాశం ఇవ్వలేదు. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఇదే.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. మళ్లీ వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి. మొక్క మొత్తం ఫోటో, పువ్వు పైనుంచి, పువ్వు అడుగు నుంచి (అడుగున పువ్వును పట్టుకుని ఉండే చిన్న పచ్చటి ఆకుల్లాంటి పుచ్ఛాల వరుసలు చాలా చెబుతాయి), ఆకు కాండాన్ని కలిసే చోటు, వెనక్కి తిప్పిన ఆకు, పక్కన పది రూపాయల నాణెం. తర్వాత నిలబడి చుట్టూ నేల ఫోటో. పెన్సిల్ గుచ్చి మట్టి లోతు చూడండి. పక్కన ఏమేమి మొలిచాయో రాయండి. మొక్కల్ని లెక్కపెట్టించండి: పూసినవి ఎన్ని, పూయనివి ఎన్ని, మొలకలు ఉన్నాయా? మొలకల లెక్క మరిచిపోకండి, ఇలినాయ్‌లో కరువైంది అవే. తేదీ వేయండి. ఆ చుట్టుపక్కల అలాంటి బండలున్న ఇంకో రెండు గుట్టలు కూడా చూడండి. అక్కడ లేకపోతే ‘లేదు’ అని రాయండి. లేదన్న మాటకూ విలువుంది.

ఎండి గోధుమరంగుకు తిరిగిన తల ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, కాగితం పొట్లంలో తీసుకోండి. ప్లాస్టిక్ కవర్‌లో వేస్తే బూజు పడుతుంది. గుట్ట రిజర్వు ఫారెస్టులో ఉంటే అదీ వద్దు, ముందు అటవీశాఖ అనుమతి కావాలి. అభయారణ్యంలో అయితే చట్టం ఇంకా గట్టిది. పొట్లంతో పాటు ఫోటోలు అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికో, కడపలో యోగివేమన విశ్వవిద్యాలయానికో, హైదరాబాద్‌లోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ కేంద్రానికో చేర్చండి. పేరు అక్కడ తేలాలి. నేను చెప్పింది కూడా ఫోటో చూసి చెప్పిందే కదా.

చోటు వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మొక్కలు, జంతువుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి వేదికలో పెడితే స్థలం మసకబార్చే ఏర్పాటు ఎంచుకోండి, అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఉన్నట్టు చూపిస్తుంది, పరిశోధకులకు అది చాలు. అరుదు అన్న మాట బయటికి పోతే మందుల పేరుతో తవ్వుకుపోయేవాళ్లుంటారు. ఊరికే అంటున్నది కాదు. మన పచారీ కొట్లలో చెంగల్వకోష్ఠు వేరు అమ్ముతారే, ఆ మొక్క కూడా ఈ చామంతి కుటుంబానిదే, కశ్మీరు వైపు హిమాలయాలది. వేరు కోసం అంతగా తవ్వారు కాబట్టే వన్యప్రాణి రక్షణ చట్టంలో మొక్కలకంటూ మొదట జాబితా పెట్టినప్పుడు ఉన్న ఆరు పేర్లలో అదొకటి. ఆ ఆరింటిలోనే మన కడప కొండల పెరిత కూడా ఉంది. హిమాలయాల చామంతి, రాయలసీమ పెరిత ఒకే పలక మీద పక్కపక్కన ఉన్నాయని పిల్లలకు చెప్పండి, మరిచిపోరు.

క్వారీ గుర్తుల సంగతి. ముందు అది అనుమతి వచ్చిన లీజా, ఇంకా దరఖాస్తులో ఉందా పంచాయతీలో, గనుల శాఖలో కనుక్కోండి. పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగేదైతే అక్కడ రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. అంతకంటే ముందు మీ చేతిలో ఉన్నది పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో అది ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. చాలాచోట్ల ఆ రిజిస్టర్‌లో పంటల పేర్లు, పశువుల పేర్లు ఉంటాయి. బండ మీద మొక్కలకు పేజీ ఉండదు. మీ పిల్లల లెక్క ఆ పేజీ అవుతుంది. క్వారీవాళ్లతో పోట్లాటగా మొదలుపెట్టకండి. వాళ్లలో చాలామంది ఆ ఊరివాళ్లే, ఆ రాయి మీదే వాళ్ల కూడు. తవ్విన మట్టిని ఆ చదును మీద పోయకుండా రెండో పక్క పోయమని అడగడం కూడా మొక్కకు ప్రాణదానమే. మార్బుల్‌హెడ్ చెప్పేది అదే: పక్కన గింజనిచ్చే మొక్కలు మిగిలితే, వదిలేసిన క్వారీ నేల మీదికి అవి మళ్లీ రాగలవు. పక్కనవి కూడా పోతే రావడానికి ఎవరూ ఉండరు.

ఇంకొకటి, ఇది మంచి మనసున్నవాళ్లకే చెప్పాలి. ఆ బండల మీద చెట్లు నాటించకండి. ‘ఖాళీ గుట్ట, పచ్చగా చేద్దాం’ అని బడిపిల్లలతో గుంతలు తీయించి కానుగ, వేప నాటేవాళ్లను చాలామందిని చూశాను. బయటి పొలంలో అది పుణ్యం. నాపరాళ్ల చదును మీద అది నీడ, పోటీ. మేకలు వస్తున్నాయని కంచె కూడా తొందరపడి వేయించవద్దు. మేక కొంత తింటుంది, నిజమే. అదే మేక సర్కారు తుమ్మ మొలకల్ని, గడ్డిని కూడా అదుపులో పెడుతుంది. ముందు రెండేళ్లు చూసి, మేక ఏమి తింటోందో తెలుసుకున్నాక మాట్లాడుకుందాం. ఎండాకాలం గడ్డికి నిప్పు పెట్టకుండా మాత్రం కాపరులతో మాట్లాడండి. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో స్టెఫనోమేరియా మల్హ్యూరెన్సిస్ అని ఇదే కుటుంబానికి చెందిన మొక్క ఒకటి ఉంది. 1966లో లెస్లీ గాట్లీబ్ దాన్ని ఒకే ఒక్క కొండ మీద కనుగొన్నారు. 1972లో అక్కడ మంట రేగి, తర్వాత బయటి దేశపు గడ్డి ఆ కొండంతా ఆక్రమించింది. 1980ల నడుమకు అడవిలో ఒక్క మొక్కా మిగల్లేదు. అదృష్టం కొద్దీ గింజలు దాచి ఉంచారు కాబట్టి 1987లో మొలకలు పెంచి అదే కొండ మీద నాటారు. ఇంకో కొండ మీద కాదు.

గింజలు దాచే పని ఒకరోజు మన దగ్గరా రావచ్చు. అది విశ్వవిద్యాలయం వాళ్లు అనుమతితో, చాలా మొక్కల నుంచి కొద్దికొద్దిగా తీసి, ఏ మొక్క నుంచి ఏ గింజో రాసి చేయాల్సిన పని. కుండీలో పెట్టుకుని మురిసిపోయే పని కాదు. మీ బడితోటలో పిల్లలకు ఆస్టరేసి నేర్పాలంటే బంతి, చామంతి, గుంటగలగర వేయండి, కుసుమ గింజలు నాలుగు చల్లండి. కిరణ పుష్పకాలు, చక్ర పుష్పకాలు, గింజ, కుచ్చు అన్నీ అక్కడే కోసి చూపొచ్చు. గుట్ట మీది పాఠం గుట్ట మీదే చెప్పండి.

మీరు వెళ్లింది కార్తీకంలో కాబట్టి, తలలు ఇంకో రెండు మూడు వారాల్లో ఎండుతాయి. గింజ తీసిన రోజున కుచ్చు ఫోటో ఇక్కడ పెట్టండి. వెంట్రుకల చుట్టూ బుల్లి గిన్నె కనబడితే నాకు ఆ రోజే చెప్పండి. కర్నూలు నుంచి డోన్ వెళ్లి నంద్యాల రైలు ఎక్కితే బేతంచెర్లలో దిగుతాను. గిన్నె లేకపోయినా వస్తాను. నలభై మొక్కల పక్కన ఇంకేమేమి మొలిచాయో ఒకసారి పిల్లలతో కలిసి చూడాలి, నా పాత నోట్‌బుక్ కూడా తెస్తాను.